టమోటాతో పెట్రోలు రాదు: బట్టీ లెక్క మనమే వేద్దాం

మదనపల్లె టమోటా యార్డులో ధర పడిపోయిన ప్రతిసారీ ఒక మాట మొలుస్తుంది. కోత కూలి కూడా గిట్టక రైతు కాయల్ని రోడ్డు పక్కన పారబోస్తాడు. ఆ ఎర్రటి కుప్పను ఎవరో ఫొటో తీస్తారు. రెండు రోజులకు ఇంకెవరో మైకు ముందుకొచ్చి, ‘ఇన్ని కాయలు పారబోసే బదులు ఇథనాల్ ఫ్యాక్టరీ పెట్టుకుంటే రైతు కష్టం తీరిపోదా’ అంటారు. చప్పట్లు పడతాయి. ధర మళ్లీ పెరిగేదాకా ఆ మాట నడుస్తుంది. పెరిగాక ఎవరికీ గుర్తుండదు.

మొన్న పుంగనూరు దగ్గర ఒక పల్లెలో మీటింగు పెట్టుకున్నప్పుడు ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. “అన్నా, ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే మన టమోటా అంతా వాళ్లే కొంటారంట కదా. రేపు ఎవురైనా వచ్చి దానికి భూమి అడిగితే ఇచ్చేదా, వద్దా?” అని అడిగాడు. వద్దనే అన్నాం. ఎందుకు వద్దో మాత్రం లెక్కతో చెప్పలేకపోయాం. నినాదంతో సర్దుకున్నాం. కుర్రాడు కూర్చున్నాడు గానీ వాడి ముఖం చూస్తే ఒప్పుకోలేదని తెలుస్తూనే ఉంది. తప్పు మాది. అందుకే ఇంటికొచ్చి పిల్లల సైన్సు పుస్తకాలు, కాగితం, పెన్ను ముందర పెట్టుకుని కూర్చున్నాం. ఆ లెక్క ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

ముందు బట్టీ సంగతి. బళ్లో దీన్ని స్వేదనం అని చెప్పారు. పేరు మర్చిపోయినా పని మనకు తెలిసిందే. పాత రోజుల్లో కొండల పక్కన, వంకల్లో సారా బట్టీలు చూడని పల్లె లేదు. కుండలో బెల్లం ఊట పోసి కింద మంట పెడతారు. పైన ఇంకో పాత్ర, దాని మీద చన్నీళ్ల గిన్నె. ఊట వేడెక్కి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి చల్లటి గిన్నె అడుగుకు తగిలి బొట్టుబొట్టుగా కారుతుంది. కారిందే సారా.

ఇందులో కిటుకు ఒక్కటే. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 డిగ్రీల దగ్గర. (మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మన పొయ్యి మీద నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు ఆలస్యంగా ఉడకడానికి అదీ ఒక కారణమే.) తొందరగా మరిగేది ముందు లేచిపోతుంది, నిదానంగా మరిగేది ఎక్కువ భాగం అడుగున ఉండిపోతుంది. లేచినదాన్ని వేరేగా పట్టుకుంటే రెండూ విడిపోతాయి.

విడిపోతాయి అన్నాం గానీ అంత సుళువుగా విడిపోవు. 78 రాగానే ఆల్కహాలు అంతా పోయి, తరవాత నీళ్లు మరుగుతాయని చాలామంది అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకున్నాం. అది తప్పు. రెండూ కలిసి ఉన్నప్పుడు కలిసే మరుగుతాయి. నూటికి పది పాళ్లు ఆల్కహాలున్న ఊటను కాస్తే వచ్చే మొదటి ఆవిరిలో సగం దాకా ఆల్కహాలు, మిగతాది నీళ్లే. దాన్ని చల్లార్చి మళ్లీ కాస్తే ఆల్కహాలు పాలు ఇంకొంచెం పెరుగుతుంది. మళ్లీ కాస్తే ఇంకొంచెం. ఫ్యాక్టరీల్లో ఆకాశానికి లేచిన ఇనుప స్తంభాలు కనపడతాయి చూడండి, వాటి లోపల అంతస్తులు అంతస్తులుగా పళ్లేలుంటాయి. ఒక్కో పళ్లెం ఒక్కో చిన్న బట్టీ అనుకోండి. కింది నుంచి ఆవిరి పైకి పోతూ ఒక్కో అంతస్తులో కొంత నీటిని వదిలించుకుంటుంది. అట్లా పోయి పోయి నూటికి 95, 96 పాళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పాళ్ల దగ్గర ద్రవం, ఆవిరి ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు కాచినా మిగిలిన ఆ కాస్త నీళ్లు వదలవు. పెట్రోల్లో కలపాలంటే 99 పాళ్లు దాటాలి. దానికోసం నీటిని మాత్రమే పీల్చుకునే ప్రత్యేకమైన గుళికల గుండా ఆవిరిని పంపుతారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నామంటే, బట్టీ ఎంత పెద్దదైనా, ఎన్ని కోట్లు పోసి కట్టినా, అది కొత్తగా ఏమీ పుట్టించదు. కుండలో ఉన్నదాన్ని విడదీస్తుంది, అంతే. ఆల్కహాలు పుట్టేది బట్టీలో కాదు, అంతకు ముందు పులిసేటప్పుడు. పులియడానికి చక్కెరో, చక్కెరగా మారే పిండిపదార్థమో కావాలి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న, టమోటాలో చక్కెర ఎంత?

వంద కిలోల టమోటాలో 94 కిలోల దాకా నీళ్లే. చక్కెర రెండున్నర కిలోలు, మహా అంటే మూడు. కిలో చక్కెర పులిస్తే అర కిలోకు కొంచెం తక్కువ ఆల్కహాలు వస్తుంది. అంటే వంద కిలోల టమోటాకు కిలోం పావు, కొలతలో చెప్పాలంటే లీటరున్నర. 2024–25లో పాడైన ధాన్యంతో చేసిన ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు లీటరుకు 64 రూపాయలిచ్చాయి. ఆ ధరే వేసుకున్నా వంద కిలోల టమోటా నుంచి వచ్చేది 96 రూపాయలు. కిలోకు రూపాయి కూడా నిండలేదు. అది రైతుకొచ్చే రూపాయి కూడా కాదు. మొత్తం అమ్మకం అదే. అందులోంచి లారీ బాడుగ, పులియబెట్టే ఖర్చు, బొగ్గు, కరెంటు, జీతాలు, బ్యాంకు వడ్డీ పోవాలి. ఫ్యాక్టరీవాడు టమోటాకు ధర కట్టాలంటే రైతే వాడికి ఎదురు డబ్బులివ్వాలి.

మంట లెక్క ఇంకా విచిత్రం. వంద కిలోల టమోటా రసాన్ని మామూలు వేడి నుంచి మరిగే దాకా తేవడానికి ఏడు వేల కిలో కేలరీలు కావాలి. లీటరున్నర ఆల్కహాలును మండిస్తే వచ్చేది ఏడున్నర వేలు. మరిగించడానికే దాదాపు అంతా ఖర్చు. ఫ్యాక్టరీల్లో వేడిని తిప్పి తిప్పి వాడుకుంటారు కాబట్టి నష్టం ఇంతుండదనే మాట నిజమే. అయినా నీళ్లను కాచి నీళ్లను పారబోసే పనికి ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? పెడితే టమోటా కోసం పెట్టరు.

మామిడికీ ఇదే లెక్క వేశాం. తోతాపురిలో చక్కెర ఎక్కువే. కానీ తొక్క, టెంక పోగా వంద కిలోలకు 55, 60 కిలోల గుజ్జు, అందులో ఏడెనిమిది కిలోల చక్కెర. నాలుగున్నర లీటర్లు. అదే ధరకు 290 రూపాయలు, కిలోకు మూడు రూపాయల లోపు. 2025లో తోతాపురికి కిలోకు 12 రూపాయలు ప్రకటించి, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇస్తాయన్నారు. ఆ 8 కోసమే చిత్తూరు రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీల గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డారు. మూడు రూపాయల బట్టీ మనల్ని ఎట్లా గట్టెక్కిస్తుంది?

చెరకు మాట వేరు. అక్కడ లెక్క కుదురుతుంది, దాన్ని కాదనం. టన్ను చెరకు రసం నుంచి 70 లీటర్ల దాకా వస్తుంది. 2024–25లో రసం నుంచి చేసిన ఇథనాల్‌కు లీటరు 65 రూపాయల 61 పైసలు. అంటే టన్నుకు 4,590 రూపాయలు. ఆ ఏడాది చెరకు రైతుకు కేంద్రం కట్టిన ధర టన్నుకు 3,400. నడిపేవాడుంటే నడిచే పనే. కానీ చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, గాజులమండ్యం ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు రైతులు సొంతంగా వాటాలు పెట్టి కట్టుకున్న యంత్రాలు తుప్పు పడుతుంటే పట్టించుకోనివాళ్లు ఇప్పుడు టమోటాతో పెట్రోలు తీస్తామంటే నమ్మడమెట్లా?

చెరకు అనగానే బెల్లం సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. సోమల, సోదం, పూతలపట్టు వైపు చెరకు వేసేవాళ్లం ఫ్యాక్టరీ లేక గానుగ మీదే బతుకుతున్నాం. బెల్లం కాయడమూ మరిగించడమే. తేడా ఏంటంటే, అక్కడ లేచిపోయే ఆవిరిని వదిలేస్తాం, పెనంలో మిగిలినదాన్ని ఉంచుకుంటాం. బట్టీవాడు మిగిలినదాన్ని వదిలేసి, లేచినదాన్ని పట్టుకుంటాడు. పొయ్యి ఒకటే, పని తిరగబడింది. ఆ తిరగబడిన పని చేసేది ఎవరో అయితే, అనుమానం మాత్రం గానుగ రైతు మీద. బెల్లం నల్లగా ఉంటే సారాకే పోతోందంటారు. వాన పడినా, చెరకు ముదిరినా, పెనం అంటుకున్నా బెల్లం నల్లబడుతుందని వాళ్లకెవరు చెప్పాలి? మాలో ఒకరం ఒకసారి ఆటోలో బెల్లం వేసుకుని పోతుంటే దారిలో ఆపి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అమ్ముకున్న చీటీ చూపించినా వినలేదు. చివరికి వదిలేశారు గానీ ఆ రోజు సంత పోయింది.

సారాను మేము వెనకేసుకురావడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారాను ఆపించింది. ఆ పోరాటంలో మన జిల్లా అక్కచెల్లెళ్లూ నడిచారు. మా ప్రశ్న వేరే. ఊట కుండ కింద మంట పెడితే నేరం. అదే మంట రెండొందల అడుగుల ఇనుప స్తంభం కింద పెడితే వడ్డీ రాయితీ. ఆ స్పిరిట్ అంతా లెక్కగా పోతోందా అంటే, 2025 అక్టోబరులో మదనపల్లెకు కూతవేటు దూరంలోని ములకలచెరువులో స్పిరిట్ తెచ్చి నకిలీ మద్యం తయారుచేస్తున్న కేంద్రం పట్టుబడింది. ఆటోలో బెల్లాన్ని ఆపిన చేతులు ఆ స్పిరిట్‌ను దారిలో ఎందుకు ఆపలేదో చెప్పాలి. పొరుగున తమిళనాడు కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో 60 మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లను చంపింది బెల్లం కాదు, మిథనాల్. అది 65 డిగ్రీల దగ్గర మరిగే వేరే సరుకు, ఫ్యాక్టరీల్లో వాడేది. ఇథనాల్‌లో కలిస్తే రంగులో, వాసనలో తేడా తెలియదు.

సరే, మళ్లీ ఇథనాల్‌కు వద్దాం. టమోటా కోసం పెట్టరని తేలింది. మరి మన పడమటి మండలాల్లో ఇథనాల్ ఫ్యాక్టరీ అంటూ వస్తే దేంతో నడుస్తుంది? మొక్కజొన్నతో, బియ్యంతో. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రం పెట్టుకున్న లక్ష్యం మొదట 2030కి. తరవాత దాన్ని 2025–26కు ముందుకు జరిపారు. ఆ తొందరలో చెరకు చాలక ధాన్యం మీద పడ్డారు. ఫుడ్ కార్పొరేషన్ గోదాముల్లోని 52 లక్షల టన్నుల బియ్యాన్ని 2024–25లో ఇథనాల్‌కు కేటాయించి, క్వింటా 2,250 రూపాయలకు ఇచ్చారు. అంతకు ముందు 2,800 ఉన్న ధరను తగ్గించి మరీ ఇచ్చారు. రేషన్ షాపులో కార్డుకు ఒక కిలో ఎక్కువడిగితే లేదంటారు.

మొక్కజొన్న లెక్క చూడండి. టన్నుకు 380 లీటర్లు, అంటే క్వింటాకు 38. 2024–25లో మొక్కజొన్న ఇథనాల్ ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. క్వింటాకు 2,730 రూపాయలు. పైగా పాతిక, ముప్పై కిలోల పిప్పి దాణాగా అమ్ముడుపోతుంది. ఆ ఏడాది మొక్కజొన్న మద్దతు ధర 2,225. మద్దతు ధరకు కొంటే ఫ్యాక్టరీకి మిగిలేది 505, దాంతోపాటు పిప్పి డబ్బులు. దాంట్లోంచే బొగ్గు, జీతాలు, వడ్డీ. బొటాబొటి. అదే మొక్కజొన్న 1,800కు దొరికితే మిగిలేది 930. అర్థమైంది కదా? ఇథనాల్ ధర కాగితం మీద రాసి ఉంటుంది, ఆయిల్ కంపెనీలు ఇచ్చి తీరాలి. మొక్కజొన్న ధర ఏ కాగితం మీదా రాసి ఉండదు.  ఫ్యాక్టరీ లాభం మొత్తం మన ధర ఎంత పడిపోతే అంత. 2025 నవంబరులో ఉత్తర కర్ణాటకలో జరిగింది అదే. మద్దతు ధర 2,400 ఉండగా మొక్కజొన్న అంతకన్నా వందల రూపాయలు పడిపోయి రైతులు రోడ్ల మీద కూర్చున్నారు. కర్ణాటకలో ఇథనాల్ ఫ్యాక్టరీలకు కొదవలేదు. అవి ఉన్నా ధర నిలబడలేదు.

ఇంకో మాట. రోజుకు రెండు లక్షల లీటర్లు తీసే ఫ్యాక్టరీకి రోజూ 520 టన్నులకు పైగా మొక్కజొన్న కావాలి. ఏడాదికి 330 రోజులు నడిస్తే లక్షా డెబ్బై వేల టన్నులు. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండాయనుకున్నా దాదాపు డెబ్బై వేల ఎకరాల పంట అది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె కలిపి మొక్కజొన్న తప్ప ఇంకేమీ వేయకపోతే సరిపోతుందేమో! టమోటా, వేరుశనగ, మల్బరీ, ఆవుల మేత అన్నీ వదిలేసి. అట్లా జరగదు. లారీలు బయటి నుంచి వస్తాయి. ఫ్యాక్టరీ మన ఊళ్లో, పంట వేరేవాళ్లది, మనకు మిగిలేది వాచ్‌మన్ ఉద్యోగాలు, లారీల దుమ్ము.

నీళ్లు మాత్రం మనవే. ఎంత జాగ్రత్తగా తిప్పి వాడుకున్నా లీటరు ఇథనాల్‌కు ఫ్యాక్టరీలో నాలుగైదు లీటర్ల కొత్త నీళ్లు కావాలి. రెండు లక్షల లీటర్ల ఫ్యాక్టరీకి రోజుకు ఎనిమిది నుంచి పది లక్షల లీటర్లు. డ్రిప్పు మీద టమోటా ఎకరాకు రోజుకు ఇరవై వేల లీటర్లు పెట్టుకుంటే యాభై ఎకరాల నీళ్లు. యాభై ఎకరాలేనా అనుకోకండి. మన టమోటాకు నీళ్లు పంట ఉన్నన్నాళ్లే. ఫ్యాక్టరీకి ఏప్రిల్లోనూ కావాలి, మే నెలలోనూ కావాలి, ఒకే చోట నుంచి కావాలి. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసి, మూడో బోరు కూడా ఎండితే నాలుగోదానికి తాళిబొట్టు కుదువపెట్టిన పల్లెలివి. పక్కన వాడి మోటారు లాగితే మన బోరు ఆగిపోతుందని మన పిల్లలకు కూడా తెలుసు.

ఏళ్ల తరబడి ఎదురుచూడగా 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ మీద కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. ఆ నీళ్ల కోసం మన ముందు తరం కూడా జెండాలు పట్టుకుంది. చెరువులు నిండాలి, ఆ చెరువుల కింద బోర్లు ఊరాలి అని అడిగాం. కాలువ పక్కన పైపు వేసుకుని బట్టీకి పట్టుకుపోవడానికి కాదు. కాలువ నీళ్లలో పరిశ్రమలకు ఎంత, సేద్యానికి ఎంత అనేది ఇప్పుడే కాగితం మీద తేల్చమని మేం అడుగుతున్నాం. ఫ్యాక్టరీ వచ్చాక అడిగితే వినేవాడుండడు.

మిగిలే మడ్డి సంగతి కూడా తెలుసుకోవాలి. చెరకు మడ్డితో, అంటే మొలాసిస్‌తో నడిచే డిస్టిలరీలో లీటరు ఆల్కహాలుకు ఎనిమిది నుంచి పన్నెండు లీటర్ల కాఫీ రంగు మురుగు మిగులుతుంది. నీళ్లలోని ప్రాణవాయువును పీల్చేసే గుణంలో అది ఇళ్ల మురుగు కన్నా వంద రెట్లకు పైనే. ధాన్యంతో నడిచేవాటిలో ఆ మురుగును ఆరబెట్టి దాణా చేస్తారు, చుక్క బయటికి వదలం అంటారు. కాగితం మీద నిజమే. అమలులో ఎట్లా ఉందో పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్ జిల్లా జీరా రైతుల్ని అడగాలి. భూగర్భ జలాలు పాడయ్యాయని 2022 జులై నుంచి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. 2023 జనవరిలో ఆ ఫ్యాక్టరీని మూసేస్తామని అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించాల్సొచ్చింది. మన తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ పేర్లు వినే ఉంటారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఊళ్లకు ఊళ్లే వచ్చి జాతీయ రహదారి మీద కూర్చున్నాక గానీ పనులు ఆగలేదు. పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో రైతుల మీద కేసులు పెట్టి జైలుకు పంపారు.

వీళ్లంతా రోడ్డు దాకా ఎందుకు రావాల్సొచ్చింది? ముందుగా ఎవరూ అడగలేదు కాబట్టి. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ మాత్రమే చేస్తామని చెప్పే ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి ఇవ్వొచ్చని మార్చింది. ఊరివాళ్లకు తెలిసేది ప్రహరీ గోడ లేచేటప్పుడే. ఈ నోటిఫికేషన్ రద్దు చేయాలనేది మా మొదటి డిమాండు. అది రద్దయ్యేలోపు మన గ్రామసభలే ముందు తీర్మానాలు చేసి పెట్టుకోవాలి.

కుప్పం పెద్దోళ్లకు ఇంకో కథ గుర్తుండాలి. 1990ల చివర్లో ఇజ్రాయిల్ సేద్యం అని వచ్చింది. గట్లు చెరిపేశారు, భూములన్నీ కలిపేశారు, బోర్లు దించారు, పైపులు పరిచారు. చూడ్డానికి మంత్రులు, విదేశీయులు వచ్చారు. పథకం పోయాక ఎవరి గట్టు ఎక్కడుందో వెతుక్కోవడం రైతుకు మిగిలింది. యంత్రం మంచిదే కావొచ్చు. అది ఎవరి చేతిలో ఉంది, నష్టమొస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుంది అని ఆ రోజు అడగలేదు.

మరి టమోటాకు దారేంటి? దీనికి జవాబు చెప్పకుండా వద్దు వద్దు అంటే ఆ పుంగనూరు కుర్రాడు మళ్లీ ఒప్పుకోడు. టమోటాను మరిగించొద్దని మేం చెప్పడం లేదు. బెల్లం మరిగించినట్టు మరిగించాలి అంటున్నాం. ఆవిరిని పోనిచ్చి, కుండలో మిగిలినదాన్ని ఉంచుకోవాలి. ఆరు కిలోల టమోటాను చిక్కబరిస్తే కిలో పేస్టు వస్తుంది. అది డబ్బాల్లో నెలలు నిలవుంటుంది. హోటళ్లకు, సాస్ కంపెనీలకు కావాల్సింది అదే. ఇందులోనూ మంట ఖర్చుంది, సాస్ కాయలు వేరే రకం కావాలని కంపెనీలు మెలిక పెడతాయి, ధర పెరిగినప్పుడు మనవాళ్లే ఫ్యాక్టరీకి ఇవ్వకుండా యార్డుకు పరిగెత్తుతారు. 2023 జులై ఆఖర్లో మదనపల్లెలో కిలో 200 దగ్గరికి పోయినప్పుడు ఏ ఒప్పందం నిలబడేది? ఈ చిక్కులన్నీ మాకు తెలుసు. అయినా ఇక్కడ కిలోకు ఎంతో కొంత విలువ మిగులుతుంది, బట్టీలో మిగిలేది సున్నా.

2018–19 బడ్జెట్‌లో టమోటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం ‘ఆపరేషన్ గ్రీన్స్’ అని 500 కోట్లు ప్రకటించారు. మదనపల్లె లాంటి చోటికి అది ఎంత వచ్చింది, ఏ పని జరిగింది, మండలాల వారీగా లెక్క బయట పెట్టమంటున్నాం. ధర కోత కూలి కన్నా కిందికి పోయిన రోజున మార్కెట్ జోక్య పథకం కింద ప్రభుత్వమే యార్డులో దిగి కొనాలి, నెల తరవాత కాదు, ఆ రోజే. యార్డులో కమీషన్, జాక్‌పాట్ పేరుతో పోయే కాయలు ఆగితేనే సగం రోజులు పారబోసే పని ఉండదు. ఈ జాక్‌పాట్ అనే మాట ఎవరు పెట్టారో గానీ తగులుతున్నది ఎవరికో చూడండి. చిత్తూరు సహకార ఫ్యాక్టరీని తెరిపించి, కావాలంటే ఇథనాల్ కూడా అక్కడే, చెరకు రైతుల సొసైటీ చేతిలోనే తీయించండి. కాయడం తెలిసినవాళ్లం, చెరకు మాది, మురుగు ఎక్కడికి పోతుందో చూసుకునేది మా బావులే కాబట్టి జాగ్రత్త మాకే ఎక్కువ. బెల్లానికి నలుపు, తెలుపు అని రంగు చూసి ఆటోలు ఆపడం మానేసి, సారా బట్టీ దగ్గర పట్టుకుంటే పట్టుకోండి.

మండల కమిటీలకు ఒక పని. కుప్పం, పుంగనూరు, మదనపల్లె మూడు చోట్లా ఈ నెలలో పల్లె పల్లెకు ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి బోరు లోతు, ఎన్ని అంగుళాల నీళ్లొస్తున్నాయి, ఏ నెలలో ఆగిపోయింది, రైతు చేత చెప్పించి రాయండి. కాలువ నీళ్లు చేరిన చెరువుల కింద బోర్లు ఎంత ఊరాయో విడిగా రాయండి. రేపు ఎవరైనా పరిశ్రమ కోసం నీళ్ల కేటాయింపు అడిగితే కలెక్టరు ముందు పెట్టడానికి మన చేతిలో మన లెక్క ఉండాలి. భూమికి అడ్వాన్సు ఇస్తామని ఎవరైనా వస్తే సంతకం పెట్టకముందు సంఘానికి కబురు చేయండి. అర్ధరాత్రయినా వస్తాం.

ఆ పుంగనూరు పల్లెకు వచ్చే వారం మళ్లీ పోతున్నాం. ఈసారి తక్కెడ, వంద కిలోల టమోటా, లీటరున్నర నీళ్ల సీసా పట్టుకుపోయి ఆ కుర్రాడి ముందర పక్కపక్కన పెడతాం.